గోవిందరావు, నాలుగు గీతలు

సాలూరులో లారీలు ఆగే మైదానం వెనక ఒక సందు ఉంది. సాయంత్రం ఏడు దాటితే ఆ సందులో ఎవరూ ఫోన్లో వైఫై ఆన్ చెయ్యరు.

చీకటంటే భయమా అంటే, వీధి దీపాలు బాగానే వెలుగుతాయి. కుక్కలా అంటే, అవి సోములు టీ బడ్డీ దగ్గర బన్ను ముక్కల కోసం పడి ఉంటాయి. భయమల్లా ఒక్కటే. సందు చివర నీలం గేటు ఇంటి ముందు నిలబడి ఫోన్ తెరిస్తే, చుట్టుపక్కల ఉన్న వైఫైల పేర్లు వరసగా కనిపిస్తాయి కదా... ఆ వరసలో అన్నిటికంటే పైన ఒక పేరు ఉంటుంది.

గోవిందరావు.

పక్కన చిన్న తాళం బొమ్మ. సిగ్నల్ నాలుగు గీతలకు నాలుగు గీతలూ.

గోవిందరావు పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

ఇది నేను చూసింది కాదు, విన్నది. ఎల్లాజీ చెబితే విన్నది.

విజయనగరంలో మా ఇంట్లో టీవీకి నాలుగు రోజులుగా నెట్ లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎంతో ముద్దుగా, "ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి మేడమ్" అంది. నేను హైస్కూల్లో ఫిజిక్సు చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా పిల్లల బుర్రల్లోకి తరంగాలు ఎక్కిస్తున్నదాన్ని. ఆపి వెయ్యడం నాకొకరు నేర్పాలా అని ఒళ్ళు మండిపోయింది. అయినా ఆపి వేశాను. రాలేదు. మా ఆయన ఉమాశంకర్ నా మొహం చూసి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అయిదో రోజు సాయంత్రం ఎల్లాజీ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. భుజాన సంచీ, బుగ్గన వక్కపలుకు. టీవీ ముందు బాసింపట్టు వేసుకుని, వైఫై పేర్ల వరస తెరిచి, ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చదివాడు. చదివి నా వైపు తిరిగాడు.

"మేడమ్... ఇందులో ఉన్నోళ్ళందరూ బతికున్నోళ్ళేనా?"

"అదేం ప్రశ్నయ్యా?"

"ఏటీ నేదు మేడమ్. అలవాటైపోనాది. సాలూరు నుంచొచ్చినాక ఏ ఇంటికెళ్ళినా ముందదే సూసుకుంతాను."

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కస్టమర్ కేర్ మీదా లేదు. కానీ కథ ఉందని తెలిశాక టీ పెట్టకుండా ఉండలేను. టీ పెట్టాను. అతను చెప్పింది నా మాటల్లో చెబుతున్నాను. సొంతంగా ఒక్క దెయ్యాన్నీ కలపలేదు.

గోవిందరావు ఆ మైదానంలోనే కళాసీగా బస్తాలు మోసి, తర్వాత స్టీరింగు పట్టి, చివరికి సొంత లారీ కొనుక్కున్న మనిషి. ముప్పై ఏళ్ళు ఒరిస్సా ఘాటు ఎక్కాడు, దిగాడు. భార్య జగ్గమ్మ. కూతురు చిన్న వయసులోనే పోతే, మనవరాలు దీపికను వీళ్ళిద్దరే పెంచారు.

ఆ దీపిక బరువులెత్తుతుంది. బడిలో ఎవరో మాస్టారు చూసి మొదలుపెట్టిస్తే, జిల్లా దాటి, రాష్ట్రం దాటి పోయింది. తాతకు ఆ పిల్లంటే ప్రాణం. "మనం బస్తాలెత్తినాం, ఒక్కడూ సప్పట్లు కొట్టనేదు. మన గుంట ఎత్తితే లోకమంతా కొడతాది" అని మైదానంలో దొరికిన ప్రతివాడినీ ఆపి చెప్పేవాడట. దేశం మొత్తం మీద జరిగే పోటీకి అది ఎప్పటికైనా వెళ్తుందని, వెళ్ళిన రోజున చూడ్డానికని, గోడ నిండేంత టీవీ ముందే కొనేశాడు.

"ఇద్దరం పక్కపక్కన కూకుని సూద్దామే" అని జగ్గమ్మకు మాటిచ్చాడు. ఆ మాట అలాగే ఉంది. ఒకనాడు తెల్లవారుజామున టీ తాగుతూ తాగుతూ ఒరిగిపోయాడు.

పోయినవాళ్ళకు ప్రాణమైన వస్తువు ఒకటి పాడె మీద వెంట పంపడం అక్కడ కొన్ని ఇళ్ళల్లో ఆనవాయితీ. ఒకరికి చుట్టల కట్ట, ఒకరికి పేకముక్కల పెట్టె. గోవిందరావుకు ఏం పంపాలన్నది ఎవరూ ఆలోచించనక్కర్లేకపోయింది. ఆయన చెవికి ఫోన్ లేకుండా చూసినవాళ్ళు లేరు. సోములే ఆ ఫోన్ తీసి, చొక్కా జేబులో పెట్టి, పైన కండువా కప్పాడు. నది ఒడ్డున అంతా బూడిదైపోయింది.

పదకొండో రోజు భోజనాలయ్యాయి. ఆ సాయంత్రం సోములు బడ్డీ కట్టేస్తూ పాటలు పెట్టుకుందామని ఫోన్ తెరిచాడు...

వరసలో మొదటి పేరు — గోవిందరావు.

అంతే. ఆ రోజునుంచి ఏడు దాటితే ఆటోలు ఆ సందులోకి రావడం మానేశాయి. ఒక కుర్రాడు పందెం కట్టి, ఆ పేరు నొక్కి పాస్‌వర్డ్ కొట్టబోయేసరికి మైదానంలో లారీ హారన్ మోగింది. అక్కడ లారీ హారన్ గంటకు వందసార్లు మోగుతుంది. అయినా వాడికి మూడు రోజులు జ్వరం.

ఇలా ఉండగా దీపికకు ఆ పెద్ద పోటీకి పిలుపొచ్చింది. శిబిరానికి వెళ్తూ వెళ్తూ అమ్మమ్మ కోసం ఇంటికి కొత్తగా నెట్ పెట్టించింది. పెట్టింది ఎల్లాజీయే. అప్పట్లో అతను సాలూరులోనే ఒక నెట్ ఆఫీసులో వైర్లు లాగేవాడు. మిట్టమధ్యాహ్నం వెళ్ళి బాక్సు బిగించి, టీవీకి కలిపి, బొమ్మ చూపించి వచ్చాడు.

మర్నాడు జగ్గమ్మ ఫోన్. రాత్రి బొమ్మ రాలేదట.

మధ్యాహ్నం వెళ్ళి చూస్తే — బ్రహ్మాండంగా వస్తోంది.

ఆ మర్నాడు మళ్ళీ ఫోన్. మళ్ళీ మధ్యాహ్నం వెళ్ళాడు. మళ్ళీ బ్రహ్మాండం. మూడోసారి జగ్గమ్మ కడిగి పారేసింది.

"రోగం రేత్రొస్తన్నాది, నువ్వు పగలొస్తన్నావు! ఏటి వైద్యంరా నీది?"

"సాయంత్రం వేరే పనులుంతాయి మామ్మా" అన్నాడు ఎల్లాజీ. ఒక్క పనీ లేదు. ఊరందరిలాగే భయం ఉంది.

పోటీ రోజు రానే వచ్చింది. రాత్రి ఏడున్నరకు మొదలు. మామూలు ఛానెళ్ళలో రాదు, నెట్‌లోనే చూపిస్తారు. జగ్గమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఆపరేషన్ వచ్చే నెల. చిన్న ఫోన్లో అయితే ఆవిడకు మంచు తప్ప ఏమీ కనపడదు. గోడ మీది ఆ పెద్ద బొమ్మ అయితే, దగ్గరగా కూర్చుంటే, మనిషి ఆనవాలు పట్టగలదు.

సాయంత్రం ఆరుకు ఆవిడే ఆఫీసు గుమ్మంలో ప్రత్యక్షమైంది. చేతిలో గొడుగు. వాన లేదు.

"నాకు నెట్టొద్దు, గిట్టొద్దు. నా గుంటని సూడాల. మొన్న ఫోన్లో ఏటన్నాదో తెలుసా? 'అమ్మమ్మా, మూడో సారి ఎత్తినప్పుడు నువ్వు సూస్తన్నావని అనుకుని ఎత్తుతాను' అన్నాది. అది అక్కడ అనుకుంతాది, నానిక్కడ గోడ సూసుకుంటా కూకోవాలా? నువ్వొస్తావా, నన్నిక్కడే కూకోమంతావా?"

గొడుగు కుర్చీ మీద పెట్టి కూర్చోబోయింది. ఎల్లాజీ సంచీ తగిలించుకున్నాడు.

సందు మొదట్లో సోములు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఒరే... ఫోన్లో వైఫై ఆపేసినావా?" గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఎందుకు మావా?"

"ఆపెయ్. సూడకపోతే ఏటీ అవదు. నేను ఎనిమిది నెల్లబట్టి సూడ్డం నేదు, బాగానే ఉన్నాను."

ఎల్లాజీ ఆపేశాడు. ముందు జగ్గమ్మ, వెనక అతను. నీలం గేటు కిర్రుమంది...

ఆరూ నలభై. టీవీ వేశాడు. బొమ్మ వచ్చింది. పాటలొచ్చాయి, వంటలొచ్చాయి, ఎవరో ట్రాక్టరు తోలుతున్న వీడియో కూడా వచ్చింది. ఎల్లాజీ ఛాతీ వెడల్పయింది.

"సూసినావా మామ్మా? నెట్టు బంగారం."

"ఏడు అవనీ" అంది జగ్గమ్మ.

గడియారం ఏడు కొట్టింది. ఆవిడ లేచి, దేవుడి గూట్లో దీపం వెలిగించి, లోపలికి వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని టీవీ ముందు కూర్చుంది.

బొమ్మ ఆగిపోయింది.

తెర మధ్యలో గుండ్రటి చక్రం... తిరుగుతోంది... తిరుగుతూనే ఉంది.

ఎల్లాజీ ఆపి వేశాడు. ప్లగ్గు పీకి, ముప్పై అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ పెట్టాడు. బాక్సు చూశాడు. దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. వైరు తడిమాడు. బాగానే ఉంది. నెట్ ఇంట్లోకి వస్తోంది, టీవీలోకి పోవడం లేదు. సెట్టింగుల్లోకి వెళ్తే అక్కడ తెలుగులోనే రాసి ఉంది — కనెక్ట్ అయ్యింది. ఇంటర్నెట్ లేదు.

దేనికి కనెక్ట్ అయ్యింది?

ఇంకొక్క మెట్టు కిందికి దిగి చూశాడు.

గోవిందరావు.

"అరికాలి కాడ మొదలైంది మేడమ్ సలి" అన్నాడు నాతో, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని. "టీవీ ఆయనది. ఇల్లు ఆయనది. ఆయనొచ్చి ఆయన టీవీకి కలిస్తే మధ్యన నేనెవడ్ని?"

పారిపోదామనే అనుకున్నాడట. చెప్పుల వైపు రెండడుగులు వేశాడు కూడా. కానీ ముసలమ్మ అటు తిరిగి, ఆ తిరిగే చక్రంలోనే మనవరాలిని వెతుకుతున్నట్టు, తెరకు మూరెడు దూరంలో కళ్ళు చికిలించి కూర్చుంది. పోటీకి ఇంకా ఇరవై నిమిషాలు. అది చూశాక వెళ్ళడానికి కాళ్ళు రాలేదన్నాడు.

నెట్ పనివాళ్ళ ఫోన్లలో సిగ్నల్ కొలిచే యాప్ ఒకటి ఉంటుంది. పేరు పెట్టి అడిగితే, దాని దగ్గరికి వెళ్ళే కొద్దీ టిక్కు టిక్కుమని త్వరత్వరగా కొట్టుకుంటుంది. ఎల్లాజీ వైఫై ఆన్ చేసి, దేవుడికి దణ్ణం పెట్టి, గోవిందరావు పేరు నొక్కాడు.

టిక్... టిక్... టిక్...

హాలు దాటాడు. మధ్య గది. లైటు లేదు. గోవిందరావు మంచం వేసే ఉంది. దుప్పటి మడతపెట్టి, తలగడ సర్ది — పొద్దుపోయాక మనిషి వచ్చి పడుకుంటాడన్నట్టు. గోడ మీద దండ వేసిన ఫోటో.

టిక్ టిక్ టిక్ టిక్...

మంచం దాటాడు. ఫోటో వైపు చూడలేదు. వంటగది గుమ్మం. లోపల కటిక చీకటి. చద్దన్నం వాసన.

టిక్‌టిక్‌టిక్‌టిక్‌టిక్ —

బియ్యం డ్రమ్ము వెనక, నేలకు జానెడు ఎత్తున, ఎర్రగా ఒక చుక్క. కన్నులా. రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తోంది...

ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. వంగి, చెయ్యి చాపాడు —

వెనకనుంచి భుజం మీద చల్లటి చెయ్యి పడింది.

"తియ్యకు బాబూ..."

ఎల్లాజీ అరిచిన అరుపుకు సందు చివర కుక్కలు లేచాయట. వెనక నిలబడింది జగ్గమ్మ. టీవీ ముందు నుంచి లేచి, కళ్ళకు నీళ్ళు కొట్టుకుని, తడి చేతులతో అలాగే అతని వెనకే వచ్చింది, అందుకే చల్లగా ఉన్నాయి. ఆవిడ లైటు వేసింది.

డ్రమ్ము వెనక చార్జింగులో ఒక పాత ఫోన్. ఎర్ర చుక్క దానిదే.

"ఇది కాలిపోనాది కదా మామ్మా! సోములు మావ ఆయన జేబులో ఎట్టినాడు కదా!"

"ఎట్టినాడు. నాను తీసేసినాను." ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసింది, ఎవరైనా వింటారేమోనని. "పాడె లేపేముందు మీద పడి ఏడిసినాను సూడు, అప్పుడు. అందరూ ఏడుస్తన్నాను అనుకున్నారు. ఏడిసినాను కూడా, అబద్ధం కాదు. కానీ సెయ్యి జేబులో ఎట్టి తీసి బొడ్లో దోపేసుకున్నాను."

"ఎందుకు?"

ఆవిడ ఫోన్ తీసుకుని, తడుముకుంటూ ఎక్కడో నొక్కింది. లారీ ఇంజను చప్పుడు మధ్యలో ఒక మగ గొంతు వినిపించింది.

"జగ్గా... ఘాటు దిగిపోనాను. నువ్వు తొంగో."

అంతే మాట. ఘాటు దిగిన ప్రతి రాత్రీ ఆ ఒక్క ముక్కా రికార్డు చేసి పంపేవాడు. అది వచ్చేదాకా ఆవిడకు కన్ను మూతపడేది కాదు. అలాంటివి ఆ ఫోన్లో వందలున్నాయి.

"దీన్ని అగ్గిలో ఎలాగెయ్యమంతావు? రోజూ ఒకటి ఇని తొంగుంతాను. పోయినోళ్ళకిచ్చింది ఎనక్కి తీసుకుంటే దాని కోసం ఆళ్ళు తిరుగుతారంతారు. తెలిస్తే ఊరు నన్ను బతకనిస్తాదేటి? అందుకే ఎవులికీ సెప్పనేదు."

ఎల్లాజీకి గుండె కుదుటపడింది. తర్వాత ఆ గుండే బరువెక్కింది. కానీ అతను పనివాడు, అనుమానం ఇంకా తీరలేదు.

"ఫోనుంటే ఉన్నాది. మరి దాన్నుంచి వైఫై ఎందుకొస్తన్నాది?"

"టీవీ కోసం రా! టీవీ రావాలంటే ముందు ఇక్కడ నొక్కాల అని ఆయనే నేర్పినాడు." ఆవిడ వేలు సరిగ్గా హాట్‌స్పాట్ బొమ్మ మీదికి వెళ్ళింది. "రోజూ దీపం ఎట్టీగానే నొక్కుతాను, తొంగునేటప్పుడు ఆపేస్తాను. నువ్వు కొత్తగా ఏదో ఎట్టినావు, అయినా ఇదీ ఉంటే మంచిది కదా అని మాననేదు. ఇయ్యాల గుంట పోటీ అని గట్టిగా నొక్కినాను కూడాను."

ఎల్లాజీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వులో సగం ఏడుపు ఉందని నాతో ఒప్పుకున్నాడు.

సంగతి ఇదీ. కొత్త నెట్ రాక ముందు గోవిందరావు తన ఫోన్‌నుంచే టీవీకి నెట్ ఇచ్చేవాడు. టీవీ ఆ పేరు గుర్తు పెట్టుకుంది. పెంపుడు కుక్క పాత యజమాని కనపడగానే కొత్తవాడిని వదిలేసి పరిగెత్తినట్టు, రోజూ ఏడుకు ఆ పేరు గాల్లో కనపడగానే, పక్కనున్న కొత్త నెట్‌ను వదిలి దాన్ని పట్టుకునేది. ఆ ఫోన్‌కు రీచార్జి లేక ఎనిమిది నెలలు. పేరుంది, గీతలున్నాయి, లోపల నెట్ లేదు. టీవీ బాగుపడాలని ఆవిడ రోజూ చేస్తున్న పనే టీవీని చెడగొడుతోంది.

"ఇంక నొక్కకు మామ్మా. నీ దణ్ణం."

ఫోన్ ఆపేసి, దాని పని ఏదో చూసి, ఆవిడ చేతిలో పెట్టాడు. హాల్లోకి వచ్చి టీవీలోంచి ఆ పాత పేరు తీసేశాడు. తీసేముందు తెర ఒక ప్రశ్న అడిగింది — గోవిందరావును మర్చిపోవాలా? అది ఆవిడకు చదివి వినిపించకుండా గబుక్కున నొక్కేశాడు.

కొత్త నెట్ కలిసింది. ఏడూ ముప్పై ఒకటి. తెర మీద పెద్ద హాలు, దీపాలు, మధ్యలో వేదిక.

"అదుగో! అదుగో నా గుంట!" జగ్గమ్మ తెర దగ్గరికి జరిగింది. ఫోన్ ఒళ్ళోనే ఉంది.

పిల్లలందరి వంతులూ గడుస్తున్నాయి. దీపిక మొదటి బరువు సునాయాసంగా ఎత్తింది. రెండోది తొంభై రెండు కిలోలు. భుజాల దాకా వచ్చింది, పైకి వెళ్ళలేదు, ధడేల్మని కింద పడింది. మూడోదీ అదే బరువు. ఎత్తితే పతకం, లేకపోతే ఉత్త చేతులు. పేరు పిలిచాక నిమిషమో రెండు నిమిషాలో గడువిస్తారు, గడియారం వెనక్కి తిరుగుతూ ఉంటుంది.

దీపిక మెట్లెక్కింది. పట్టు జారకుండా తెల్ల పొడి చేతులకు రాసుకుంది. గడియారం కదిలింది...

కరెంటు పోయింది.

ఇన్వర్టరు ఉంది. ఫ్యాను తిరిగింది, టీవీ మళ్ళీ వెలిగింది. కానీ నెట్ బాక్సు ప్లగ్గు ఇన్వర్టరు లైనులో లేదు. పెట్టింది ఎల్లాజీయే. తెర మీద మళ్ళీ ఆ చక్రం.

"ఏటైంది? ఏటైంది బాబూ? అది ఎక్కేసినాది!"

ఎల్లాజీ బాక్సు పీకి ఇవతల ప్లగ్గులో గుచ్చాడు. అది లేవడానికి మూడు నిమిషాలు పడుతుంది. తన ఫోన్ తీశాడు. ఆ రోజు డేటా మధ్యాహ్నమే అయిపోయింది. నెట్ బాగుచేసేవాడి ఫోన్లో నెట్ ఉండదు మేడమ్ అన్నాడు నాతో, ఎంతో మామూలుగా.

కేకలు విని సోములు గేటు దాకా వచ్చి నిలబడి ఉన్నాడు. లోపలికి మాత్రం రాలేదు.

"మావా! ఫోన్లో హాట్‌స్పాట్ ఎట్టు! బేగి!"

"ఆగరా, ఎడతన్నాను..."

చీకట్లో సోములు ఫోన్ తెరిచిన వెలుగు. జగ్గమ్మ ఒళ్ళో ఫోన్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి.

"ఏటయ్యా... సూడవా?"

గేటు దగ్గర్నుంచి సోములు గావుకేక —

"ఒరే ఎల్లాజీ! వచ్చినాడ్రా! గోవిందు మావ వచ్చినాడ్రా! నాలుగు గీతలు!"

తెర మీద చక్రం ఆగింది.

బొమ్మ వచ్చింది. కడిగినంత స్పష్టంగా. దీపిక వంగి కడ్డీ పట్టుకుని ఉంది. గడియారంలో తొమ్మిది... ఎనిమిది... ఊపిరి బిగబట్టింది. లేచింది. బరువు భుజాల మీదికి వచ్చింది. కాళ్ళు వణికాయి. జగ్గమ్మ తనకు తెలియకుండానే లేచి నిలబడిపోయింది. ఒక్క దూకు — రెండు చేతులూ నిటారుగా పైకి.

మూడు తెల్ల దీపాలు వెలిగాయి, ముగ్గురు జడ్జీలూ ఒప్పుకున్నట్టు. చప్పట్లు. లోకమంతా కొట్టిన చప్పట్లు.

తెర ఆరిపోయింది. మరుక్షణం వీధిలో కరెంటు వచ్చింది.

జగ్గమ్మ మెల్లగా కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు. ఆ ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, ఘాటు మీది మనిషికి చెప్పినట్టు చెప్పింది.

"ఎత్తేసినాది. ఇంక నువ్వు తొంగో."

ఆ రాత్రి తర్వాత ఆ సందులో ఆ పేరు ఎవరికీ కనపడలేదట.

నేను టీ గ్లాసు కింద పెట్టాను. ఫిజిక్సు టీచర్‌ని కదా, ఊరుకుంటే ఉద్యోగానికే అవమానం.

"ఎల్లాజీ, ఆవిడకు ఎనిమిది నెలల అలవాటు. ఒళ్ళో పెట్టుకుని కంగారులో మళ్ళీ ఆన్ చేసి, అదే బొమ్మ నొక్కి ఉంటుంది. నువ్వు చూసుకోలేదు."

"రీచార్జి నేదు కదా మేడమ్?"

"ఒక్కోసారి కంపెనీ వాళ్ళే ఉచితంగా ఇస్తారు, పాత కస్టమర్లు మళ్ళీ రావాలని."

"టీవీలోంచి పేరు నేనే తీసేసినాను కదా?"

"సరిగ్గా పోయి ఉండదు."

"నేనూ అలాగే అనుకుందునేమో" అంటూ మా టీవీలో ఏదో నొక్కాడు. బొమ్మ టక్కున వచ్చేసింది.

"మీ టీవీ తారీకు ఏడేళ్ళు ఎనక్కున్నాది మేడమ్. తారీకు తప్పితే నెట్టు లోపలికి రానివ్వదు. సరిజేసినాను."

ఇరవై రెండేళ్ళ సర్వీసు. తారీకు చూడాలని తట్టలేదు. పేపరు వెనక మా ఆయన నవ్వు ఆపుకుంటున్నట్టు కాగితం వణికింది.

ఎల్లాజీ సంచీ సర్దుకుని, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"అనుకుందునేమో అన్నానెందుకో సెప్తాను మేడమ్. ఎనిమిది నెలలు చార్జింగులోనే ఉంచేసరికి ఆ ఫోను బ్యాటరీ ఉబ్బిపోయి ఉన్నాది. ముసలమ్మ ఒళ్ళో పేలుద్దేటోనని బయమేసింది. ఆయమ్మ సేతిలో ఎట్టేముందే అట్ట తీసి, బ్యాటరీ లాగేసి, నా జేబులో ఏసుకున్నాను. ఆయమ్మకి సెప్పనేదు. మర్నాడు కొత్తది ఏసి, ఆ మాటలన్నీ ఇంకో ఫోన్లోకి కూడా ఎక్కించి ఇచ్చినాను."

జేబు తడుముకుని చూపించాడు, ఇదిగో ఇక్కడ అన్నట్టు.

"బొమ్మ వచ్చినంతసేపూ ఇక్కడే ఉన్నాది మేడమ్ అది. ఆయమ్మ ఒళ్ళో ఉన్నది ఉత్త డొప్ప."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. టీవీలో ఎవరో గట్టిగా వంకాయ కూర నేర్పుతున్నారు. నేను తలుపు వేసి, గడియ పెట్టి, ఎందుకైనా మంచిదని రెండో గడియ కూడా పెట్టాను.

పేపరు వెనకనుంచి మా ఆయన గొంతు, చాలా చిన్నగా వచ్చింది.

"ఆ పేర్ల వరస... ఇంకొక్కసారి తీసి చదువూ."